సెంటు కూడా చేయని కాయిన్ డాలరవుతుందా? ఏది కొనాలో తేల్చుకునే ముందు ఒక గుణకారం

మా తమ్ముడు ఓ రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, నా దగ్గర 50 లక్షల షిబా ఇను క్రిప్టో కాయిన్లున్నాయి. ఒక్కోటి డాలరైతే 50 లక్షల డాలర్లు కదా?" లెక్క సరిగ్గానే వేశాడు. వాటికి వాడు పెట్టింది వంద డాలర్ల లోపే. వంద పెట్టి 50 లక్షలు వస్తాయంటే ఎవరికి మాత్రం నిద్ర పడుతుంది?

"నీ దగ్గరున్నవి కాదు, లోకంలో ఉన్న షిబాలన్నిటినీ డాలరుతో గుణించు" అన్నాను. చలామణిలో ఉన్నవి సుమారు 589 లక్షల కోట్లు. ఫోన్ కాలిక్యులేటర్‌లో సున్నాలు కొట్టుకుంటూ పోతే అంకెలు చిన్నవైపోయి, గుణించగానే తెర మీద 5.89ఇ14 అని వచ్చిందట. "మధ్యలో ఈ 'ఇ' ఏంటన్నా?" అన్నాడు. అంకెలు తెర మీద పట్టకపోతే కాలిక్యులేటర్ అలా పొట్టిగా చూపిస్తుంది. విప్పి చదివితే 589 లక్షల కోట్ల డాలర్లు. 2024లో ప్రపంచ దేశాలన్నిటి జీడీపీ కలిపితే సుమారు 110 లక్షల కోట్ల డాలర్లు. అంటే ఒక కుక్క బొమ్మ కాయిన్ విలువ, లోకమంతా ఐదేళ్లు కష్టపడి సంపాదించే దానికంటే ఎక్కువ కావాలి.

పోనీ డాలరు వద్దు, ఒక్క సెంటు (డాలరులో వందో వంతు)? 5.89 లక్షల కోట్ల డాలర్లు. బిట్‌కాయిన్, ఈథర్ దగ్గర్నుంచి ఊరూపేరూ లేని టోకెన్ల దాకా మొత్తం క్రిప్టో మార్కెట్ కలిపి 4 లక్షల కోట్ల డాలర్లు దాటిందే మొదటిసారి 2025లో.

చౌక కాయిన్ల గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ గుణకారంలోనే ఉంది. ఒక్కో కాయిన్ ధరకు విడిగా అర్థం లేదు. ఆ ధరను చలామణిలో ఉన్న కాయిన్ల సంఖ్యతో గుణిస్తే వచ్చేదే మార్కెట్ క్యాప్. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, కాయిన్ ఎంత పెరగగలదో చెప్పేది ఆ మొత్తమే. 0.00001 డాలర్ల కాయిన్ "చౌక" అనీ, లక్ష డాలర్ల బిట్‌కాయిన్ "ఖరీదు" అనీ అనుకోవడం మన కళ్లు చేసే మోసం. నిజంగా చిల్లర ధరలే ముద్దనుకుంటే బిట్‌కాయిన్‌లోనూ ఉన్నాయి. ఒక బిట్‌కాయిన్‌లో 10 కోట్ల సతోషీలు. బిట్‌కాయిన్ లక్ష డాలర్లున్నప్పుడు ఒక సతోషీ ధర సెంటులో పదో వంతు. అప్పుడు వంద డాలర్లు పెడితే లక్ష సతోషీలు చేతికొస్తాయి. లక్ష అనే సంఖ్యే కావాలంటే అదిగో.

ఈ మాట చెబితే వెంటనే ఒక ఎదురు ప్రశ్న వస్తుంది. "బిట్‌కాయిన్ కూడా ఒకప్పుడు డాలరే కదా?" నిజమే. 2011 ఫిబ్రవరిలో బిట్‌కాయిన్ డాలరుకు చేరింది. అప్పటికి తవ్వినవి, అంటే కంప్యూటర్లతో పుట్టించినవి, సుమారు 53 లక్షల బిట్‌కాయిన్లు. అంటే నెట్‌వర్క్ మొత్తం విలువ 53 లక్షల డాలర్లు. 2014లో ఈథర్‌ను జనానికి అమ్మినప్పుడు ఒక్కోటి సుమారు 31 సెంట్లు. ఆరంభంలో ఉన్నవి 7.2 కోట్ల ఈథర్లు కాబట్టి మొత్తం రెండు కోట్ల డాలర్ల చిల్లర. అవి వేల రెట్లు పెరగగలిగింది ధర తక్కువగా ఉన్నందుకు కాదు, మొత్తం విలువ అంత చిన్నది కాబట్టి. ఇవాళ వేల కోట్ల డాలర్ల విలువున్న కాయిన్‌ని వాటితో పోల్చడం, పెరిగి పెద్దవాడైన మనిషి పసిబిడ్డలా ఏడాదికి జానెడు పొడవు పెరుగుతాడని ఎదురుచూడటమే. పైగా ఆ కాలంలోనే పుట్టి అడ్రసు లేకుండా పోయిన కాయిన్ల గురించి ఎవరూ చెప్పరు.

రెండో వాదన ఇంకాస్త తెలివైనది. "మార్కెట్ క్యాప్ అంటే బ్యాంకులో ఉన్న డబ్బు కాదు కదా. విలువ వంద కోట్లు పెరగడానికి వంద కోట్లు లోపలికి రానక్కర్లేదు." ఇదీ నిజమే. చివరగా జరిగిన లావాదేవీ ధరతో కాయిన్లన్నిటినీ గుణిస్తారు, అంతే. అమ్మేవాళ్లు తక్కువున్న రోజు కొద్ది డబ్బుకే ధర ఎగురుతుంది. కానీ ఈ కత్తికి రెండో వైపు కూడా పదునుంది. కొద్ది డబ్బుతో పైకి లేచింది కొద్దిమంది అమ్మగానే కిందికొస్తుంది. లక్ష్యాన్ని ఒక్క క్షణం తాకడం వేరు, లక్షలమంది లాభం తీసుకుంటుంటే అక్కడ నిలబడటం వేరు. నాకు అనుభవమే. కింద చెబుతాను.

ఇక ఎంపికల్లోకి వద్దాం. తక్కువ ధర కాయిన్లన్నీ ఒక జాతివి కావు.

లక్షల కోట్ల సంఖ్యలో ఉన్న మీమ్ కాయిన్లు

ఇంటర్నెట్ జోకుల మీద పుట్టిన కాయిన్లివి. షిబా ఇను, పెపె ఈ బాపతు. పెపె మొత్తం 420.69 లక్షల కోట్లు. సెంటు అవ్వాలంటే 4.2 లక్షల కోట్ల డాలర్ల విలువ రావాలి. ఈ కాయిన్లు కొన్నవాళ్లు ధరల్లో మాట్లాడరు, సున్నాల్లో మాట్లాడతారు. "ఇంకొక్క సున్నా పోతే చాలు." వినడానికి మెట్టు ఎక్కినంత తేలిగ్గా ఉంటుంది. కానీ ఒక సున్నా పోవడమంటే పది రెట్లు, రెండు పోతే వంద రెట్లు. షిబా 2021 అక్టోబరులో, అంత జోరులో చేరిన గరిష్ఠ ధర సుమారు 0.000088 డాలర్లు. అక్కడి నుంచి సెంటుకు ఇంకా 113 రెట్లుంది.

అప్పుడు "బర్న్ చేస్తున్నారుగా" అంటారు. కాయిన్లను ఎవరూ తీయలేని అడ్రసుకు పంపి శాశ్వతంగా లేకుండా చేయడం. షిబా చరిత్రలో అతి పెద్ద బర్న్ 2021 మేలో జరిగింది. ఈథర్ నడిచే ఇథీరియం నెట్‌వర్క్ సహ వ్యవస్థాపకుడు విటాలిక్ బుటెరిన్‌కు అడక్కుండానే మొత్తం సరఫరాలో సగం పంపారు. ఆయన అందులో సుమారు 410 లక్షల కోట్లు తగలబెట్టాడు. అలాంటి కుప్ప మళ్లీ ఒకరి చేతిలో లేదు. ఇప్పుడున్న దారి ఏమిటంటే, కాయిన్ ఉన్నవాళ్లే తమ సొంతవి తగలబెట్టుకోవాలి. షిబా మొత్తం విలువ 5,000 కోట్ల డాలర్లు ఉందనుకుందాం, అదే తక్కువేమీ కాదు. ఆ విలువతో సెంటు ధర రావాలంటే కాయిన్లు 5 లక్షల కోట్లే మిగలాలి, 584 లక్షల కోట్లు పోవాలి. నెలకు వెయ్యి కోట్ల కాయిన్ల చొప్పున తగలబెట్టినా 4,800 ఏళ్లు దాటుతుంది. అందరూ సమానంగా తగలబెట్టుకుంటే ధర పెరుగుతుంది గానీ మన దగ్గరున్న కాయిన్లూ అదే లెక్కన తగ్గుతాయి. ఎవరూ ఒక్క డాలరు కూడా బాగుపడరు.

ఈ జాతిలో సాధ్యమయ్యేది ఏమిటంటే, పాత గరిష్ఠాన్ని మళ్లీ చూడటం. జరగొచ్చు, జరగకపోవచ్చు. దాన్ని మించి చెప్పేవన్నీ కాకి లెక్కలు.

డోజ్‌కాయిన్

దీన్ని షిబాతో కలిపి తోసిపారేయడం తప్పు. 2013 డిసెంబరులో బిల్లీ మార్కస్, జాక్సన్ పామర్ సరదాకి మొదలుపెట్టిన ఈ కాయిన్ 2021 మేలో 73 సెంట్ల దాకా వెళ్లింది. చలామణిలో సుమారు 15,000 కోట్ల కాయిన్లు. డాలరైతే 15,000 కోట్ల డాలర్లు. ఇది గాల్లో మేడ కాదు. 2025 జూలైలో ఎక్స్‌ఆర్‌పీ అనే మరో కాయిన్ మొత్తం విలువ ఇంతకంటే పైకే వెళ్లింది. కాబట్టి "డోజ్ డాలరు" అనే లక్ష్యం కష్టమేగానీ లెక్కకు లొంగుతుంది. "డోజ్ పది డాలర్లు" అంటే మాత్రం 1.5 లక్షల కోట్ల డాలర్లు. అంటే బిట్‌కాయిన్ పక్కన కుర్చీ అడుగుతున్నట్టు.

డోజ్‌తో ఉన్న అసలు చిక్కు వేరు. దీనికి గరిష్ఠ పరిమితి లేదు. సుమారు నిమిషానికో బ్లాక్ (లావాదేవీల కట్ట), బ్లాక్‌కి 10,000 కొత్త కాయిన్లు. రోజుకు కోటీ 44 లక్షలు, ఏడాదికి 500 కోట్లకు పైగా. ధర డాలరున్న రోజున మైనర్లు (కాయిన్లు తవ్వేవాళ్లు) వాటిని అమ్మేస్తే, ధర పెరగడానికి కాదు, పడకుండా ఆగడానికే రోజూ కోటీ 44 లక్షల డాలర్లు పట్టుకుని కొత్తగా కొనేవాళ్లు రావాలి. ఏడాది పొడవునా. 2021లో 73 సెంట్లకు చాలిన మార్కెట్ క్యాప్ ఇప్పుడు చాలదు, ఎందుకంటే మధ్యలో దాదాపు 2,000 కోట్ల కాయిన్లు కొత్తగా వచ్చాయి.

ఎక్స్‌ఆర్‌పీ, కార్డానో లాంటివి

ఒక్కోటి కొద్ది డాలర్లకు మించని పెద్ద కాయిన్లు. వీటికి పరిమితులున్నాయి: ఎక్స్‌ఆర్‌పీకి 10,000 కోట్లు, కార్డానోకు 4,500 కోట్లు. అయితే పరిమితి ఉందంటే అన్నీ ఇప్పటికే బయటికొచ్చాయని కాదు. 2017 డిసెంబరులో ఎక్స్‌ఆర్‌పీ వెనకున్న రిపుల్ సంస్థ 5,500 కోట్ల ఎక్స్‌ఆర్‌పీని ఎస్క్రోలో (తాళం వేసిన ఖాతాలో) పెట్టి, నెలకు వంద కోట్ల చొప్పున తాళం తీసే ఏర్పాటు చేసుకుంది. వాడనివి మళ్లీ లాక్ చేస్తుంది, మిగతావి చలామణిలో కలుస్తాయి.

దీని ఫలితం చూడండి. 2018 జనవరిలో ఎక్స్‌ఆర్‌పీ 3 డాలర్లు దాటింది. అప్పుడు చలామణిలో ఉన్నవి సుమారు 3,900 కోట్లు. అంటే 3 డాలర్ల దగ్గర మొత్తం విలువ 11,700 కోట్ల డాలర్లు. మళ్లీ 3 డాలర్లు దాటడానికి 2025 వచ్చింది. అప్పటికి చలామణి సుమారు 5,900 కోట్లు. అదే 3 డాలర్లకు ఇప్పుడు 17,700 కోట్ల డాలర్లు కావాలి. నెట్‌వర్క్ విలువ 6,000 కోట్ల డాలర్లు పెరిగింది, 2018 జనవరి గరిష్ఠంలో కొన్నవాడికి ఏడేళ్లకు దక్కింది మాత్రం అసలు, అదీ అటూఇటూగా. చార్టులో ధర గీత మాత్రమే చూసేవాళ్లకి ఈ సంగతి కనపడదు.

ఎక్స్‌ఆర్‌పీ పది డాలర్లు అంటే సుమారు 60,000 కోట్ల డాలర్లు, దాదాపు ఈథర్ తన గరిష్ఠంలో చేరిన విలువంత. అసాధ్యమని నేననను, కానీ ఈథర్ స్థాయికి చేరడమంటే మాటలు కాదు. వంద డాలర్లు అంటే 6 లక్షల కోట్ల డాలర్లు. లక్ష డాలర్ల బిట్‌కాయిన్ మొత్తం విలువే 2 లక్షల కోట్లు. వెయ్యి డాలర్లు చెప్పేవాళ్లూ ఉన్నారు, వాళ్లతో వాదించకండి. కార్డానోకు పది డాలర్లు అంటే 35,000 కోట్లు. ఇదీ అదే కథ.

పడిపోయిన పాత దిగ్గజాలు

ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తు అని చాలామంది వీటిని కొంటారు. "ఒకప్పుడు వంద డాలర్లుండేది, ఇప్పుడు సెంటులో వందో వంతు." టెర్రా లూనా సంగతి గుర్తుందా? 2022 ఏప్రిల్‌లో వంద డాలర్లు దాటింది. మేలో దాని జంట స్టేబుల్‌కాయిన్ (డాలరు ధరకు కట్టేసిన కాయిన్) కూలుతుంటే, దాన్ని నిలబెట్టడానికి సిస్టమ్ లూనాలను అచ్చేస్తూ పోయింది. సుమారు 35 కోట్లున్న కాయిన్లు కొద్ది రోజుల్లోనే 6.5 లక్షల కోట్లయ్యాయి. ఇప్పుడు లూనా క్లాసిక్ పేరుతో తిరుగుతున్నది ఆ కుప్పే. పాత ధరకు తిరిగి రావాలంటే 650 లక్షల కోట్ల డాలర్లు. పాత గరిష్ఠం చూసి కొనేముందు, అప్పుడెన్ని కాయిన్లుండేవో చూడాలి. పేరు అదే ఉంది గానీ ఏనుగు అది కాదు.

దీనికి ఎదురు ఉదాహరణ సొలానా. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్ కూలాక డిసెంబరులో అది 8 డాలర్ల దగ్గరికి పడింది. కానీ కాయిన్ల సంఖ్య పేలిపోలేదు, మొత్తం విలువ 300 కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉంది, నెట్‌వర్క్ మీద పనిచేసేవాళ్లు వదిలిపోలేదు. 2025 జనవరిలో 290 డాలర్లు చూసింది. పడిన కాయిన్ లేవడమంటే అలా ఉంటుంది. 8 డాలర్ల రోజున కొనడానికి గుండె ధైర్యం ఎంతమందికుందనేది వేరే ప్రశ్న. నాకైతే లేదు.

నిన్న పుట్టిన చిన్న టోకెన్లు

లెక్క ప్రకారం చూస్తే వంద రెట్లు పెరిగే చోటు నిజంగా ఉన్నది ఇక్కడే. 10 లక్షల డాలర్ల విలువున్నది 10 కోట్లకు వెళ్లడానికి ఏ జీడీపీలూ అడ్డం రావు. అడ్డం వచ్చేది బయటికొచ్చే ద్వారం.

నేనొకసారి ఇలాంటి టోకెన్‌లో 500 డాలర్లు పెట్టాను. రెండు వారాల్లో వాలెట్‌లో 8,000 డాలర్లు చూపించింది. అమ్ముదామని కాయిన్లు మార్చుకునే స్వాప్ పేజీ తెరిచాను. నా టోకెన్లన్నీ పెడితే వచ్చేది 3,429 డాలర్లట. కింద ఎర్రటి అక్షరాల్లో ప్రైస్ ఇంపాక్ట్ (నా అమ్మకం వల్లే తగ్గే విలువ) 57 శాతం. ఏదో పొరపాటనుకుని పేజీ రెండుసార్లు రిఫ్రెష్ చేశాను. తర్వాత అర్థమైంది: నేను అమ్మాల్సిన పూల్‌లో (టోకెన్లూ డాలర్లూ జంటగా పెట్టి ఉంచే నిధిలో) డాలర్ల వైపు ఉన్నదే 6,000. ఆరు వేలున్న పూల్ నుంచి ఎనిమిది వేలు ఎలా వస్తాయి? పూల్‌లో రెండు వైపుల గుణకారం మారకూడదనేది సూత్రం. 6,000 డాలర్ల పక్కన 6,000 డాలర్ల టోకెన్లుంటే, నా 8,000 డాలర్ల టోకెన్లు కలిశాక వచ్చేది 6,000లో 14 వంతులకు 8 వంతులు. అదే 3,429. ఆశ చావక "ఇంకా పెరగనీ" అని ఆగాను. మూడో రోజు టోకెన్ పెట్టినవాళ్లు పూల్‌లోని డాలర్లు లాగేసుకున్నారు. వాలెట్‌లో కాయిన్లు ఇప్పటికీ ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు.

కాబట్టి వీటిలో మార్కెట్ క్యాప్ కంటే ముందు చూడాల్సింది లిక్విడిటీ (పూల్‌లో ఉన్న డబ్బు) ఎంత, అది లాక్ చేసి ఉందా, అమ్మడానికి కాంట్రాక్ట్ (టోకెన్‌ను నడిపే కోడ్) ఒప్పుకుంటుందా అని. 2021 నవంబరులో ఒక సిరీస్ పేరు వాడుకున్న టోకెన్ 2,800 డాలర్లు దాటి నిమిషాల్లో సున్నాకు పడింది. కొన్నవాళ్లలో చాలామందికి అమ్మే వీలే లేకుండా పోయింది. కొన్న వెంటనే ఓ చిన్న ముక్క అమ్మి చూడటం నా అలవాటు. అలాగే మొత్తం సరఫరాలో పదో వంతే బయట ఉండి మిగతాది వ్యవస్థాపకుల దగ్గర లాక్‌లో ఉంటే, ఆ తాళాలు తీసే తేదీలు చూసుకోండి. అప్పుడు అమ్మేది వాళ్లు, కొనేది మనం.

బిట్‌కాయిన్‌లో లేదా ఈథర్‌లో చిన్న ముక్క

ఇక్కడ వంద రెట్లు లేవు. లక్ష డాలర్ల బిట్‌కాయిన్ పది రెట్లయితే 20 లక్షల కోట్ల డాలర్లు. 2025లో ప్రపంచంలోని బంగారమంతా కలిపి ఆ విలువ దాటింది. అంటే పది రెట్లు కావాలంటే బంగారంతో పోటీగా కూర్చోవాలి. పడటంలోనూ తక్కువేం కాదు: 2021 నవంబరులో 69,000 డాలర్లున్నది ఏడాదికి 16,000 కిందికి దిగింది. సరఫరా మాత్రం 2 కోట్ల 10 లక్షలకు మించదు, అమ్మాలంటే కొనేవాడు ఎప్పుడూ ఉంటాడు.

మరి ఏది?

పోయినా ఫర్వాలేదనుకునే వంద డాలర్లుండి సరదా కావాలంటే, షిబా కంటే డోజ్ మేలంటాను. లక్ష్యం కనీసం లెక్కలో పడుతుంది. ఏళ్ల తరబడి పెట్టి మర్చిపోవాలనుకుంటే ముక్క బిట్‌కాయినే, అది కూడా సగానికి పైగా పడినా టెన్షన్ పడనంత మొత్తంలో. ఎక్స్‌ఆర్‌పీ, కార్డానోల్లో రెండు మూడు రెట్లు ఆశించడంలో తప్పులేదు. ముప్పై రెట్లు ఆశిస్తే ఎవరిని దాటాలో పేరు పెట్టి రాసుకోండి. లూనా క్లాసిక్ జోలికి నేను వెళ్లను. కొత్త టోకెన్లంటే, రోజంతా స్క్రీన్ ముందు కూర్చుని పూల్ చూసే ఓపిక ఉన్నవాళ్లకే.

ఏది కొన్నా, అమ్మే అంకె కొన్న రోజే రాసిపెట్టుకోవాలి. నేనైతే రెండింతలవగానే పెట్టిన అసలు బయటికి తీస్తాను. మిగిలింది ఏమైనా నా నిద్ర చెడదు.

తమ్ముడు షిబాలు అమ్మలేదు. కాకపోతే నోట్స్‌లో "1 డాలర్" అని రాసుకున్నది కొట్టేసి, "0.00008, సగం అమ్మాలి" అని మార్చి స్క్రీన్‌షాట్ పంపాడు. అది వస్తే వాడి 50 లక్షల కాయిన్లకు 400 డాలర్లు.